హిందీ సారు నడిపిన ఖూనీదారుల సంఘం

మా హిందీ సారు చనిపోయారని కండక్టరక్క చెప్పినప్పుడు నేను ఆధార్ కార్డు కోసం సంచీలో వెతుక్కుంటున్నాను. అయిజ నుంచి గద్వాలకు వెళ్లే పొద్దుటి బస్సు అది. "తెల్లారంగ వనపర్తి దవాఖానల పోయిండంట బిడ్డా. వాళ్ల బడి సార్ ఎవరో ఫోన్ చేసిండు," అని ఆమె టికెట్ నా చేతిలో పెట్టి, డ్రైవరు వెనుక రెండో వరుసలో కిటికీ పక్క సీటు వైపు చూసింది. సారు జబ్బుపడినప్పటి నుంచి అందులో ఎవరెవరో కూర్చుంటున్నారు. అయినా అది సారు సీటే.

నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు. జమ్ములుకు ఇంకా తెలియదు అన్న ఆలోచన. జమ్ములు అంటే జమ్ములమ్మ, నా క్లాసే, మల్దకల్‌లో బస్సెక్కుతుంది. ఆమెకు ఈ మాట నేను చెప్పాలి. సారుకు సంబంధించిన ఒక్క సంగతైనా ఆమెకంటే ముందు నాకు తెలిసింది.

మల్దకల్‌లో బస్సు ఆగింది. జమ్ములు ఎక్కలేదు. రోడ్డుకు అవతల, అయిజ వైపు వెళ్లే బస్సు కోసం నిలబడి ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చున్నీ అంచు తడిసి ముద్దయింది. నేను దిగి రోడ్డు దాటాను.

"నీకెవరు చెప్పిన్రే?"

"సార్ బిడ్డ ఫోన్ చేసింది. నీకు చెయ్యలేదా?"

చెయ్యలేదు.

ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. ఏ మాట విన్నా నిఘంటువు తెరిచి దాని చుట్టాలను వెతుకుతాను. అసూయకు అక్కడ ఈర్ష్య ఉంది, మాత్సర్యం ఉంది. మా అమ్మ మాత్రం 'ఓర్వనితనం' అంటుంది. నాకు అమ్మ మాటే నచ్చింది. అందులో మోయలేని బరువు ఏదో ఉంది. సారు గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే ప్రతి జ్ఞాపకంలోనూ ఆ బరువు తగులుతోంది. దాన్ని పక్కన పెట్టి రాస్తే సారు కూడా పక్కకు పోతున్నారు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సారు నాకు ఏనాడూ తరగతిలో పాఠం చెప్పలేదు. ఆయన ఉండేది అయిజలో, హిందీ చెప్పేది గద్వాలలోని ఒక సర్కారు బడిలో. నేను ఇంటర్‌లో చేరి రోజూ బస్సెక్కడం మొదలుపెట్టాక ఆయన నాకు దొరికారు. నిలబడిన పిల్లల సంచులన్నీ తీసుకుని ఒడిలో పేర్చుకునేవారు. మల్దకల్ దాటేసరికి ఆ కుప్ప పైన కళ్లద్దాలు మాత్రమే కనిపించేవి. ఎండాకాలంలో కూడా మెడలో మఫ్లర్ ఉండేది. హిందీ పంతులైనా ఆయన ప్రాణమంతా తెలుగు మాటల మీదే. దేన్ని చూసినా, "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు బిడ్డా?" అని అడిగేవారు. కొత్త మాట దొరికితే కాసేపు దాన్ని నోట్లోనే చప్పరించేవారు.

నేను ఆయన కోసం మాటలు పోగుచేసేదాన్ని. మా నానమ్మను సతాయించి రోజుకొకటి పట్టుకుపోయేదాన్ని. "షాబాష్," అనేవారు. అంతే. నవ్వేవారు కాదు.

ఆయన నవ్వు సంగతి చెప్పాలి. సారు నవ్వితే శబ్దం రాదు. ముందు భుజాలు కదులుతాయి. తరువాత కళ్లద్దాలు తీసేస్తారు. మఫ్లర్‌తో కళ్లు ఒత్తుకుంటూ, ముందు సీటు కడ్డీని అరచేత్తో కొడతారు. మాట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. చెబుతున్న కథ ఆగిపోతుంది. బస్సంతా ఆయన తేరుకునేదాకా ఎదురుచూస్తుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ నవ్వు నా మాటకు రావాలని నేను కోరుకున్నాను. ఇన్ని రోజులు ఆ బస్సులో నేను పడిన తపన అంతా అదే.

కథల సంగతికి వస్తాను. ఒక సాయంత్రం గద్వాల నుంచి తిరిగి వస్తున్నాం. మల్దకల్‌లో జమ్ములు దిగుతూ, "సార్, పోత," అంది.

సారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏయ్, పోత అంటరా? వస్త అనాలె," అన్నారు.

జమ్ములు వెనక్కి వచ్చి మెట్టు మీద ఒక కాలు పెట్టింది. "పోతనే ఉన్న గద సార్! పొయ్యేటప్పుడు వస్త అంటే అబద్ధం గాదా?"

"దిగుతవా, గేటు మూయాల్నా?" అని కండక్టరక్క అరిచింది.

"ఆగక్కా. పోత అంటే ఏమైతది సార్? ఎవరన్న వచ్చి ఖూనీ చేస్తరా?"

సారు భుజాలు కదిలాయి. కళ్లద్దాలు చేతిలోకి వచ్చేశాయి. అయిజ వచ్చేదాకా కడ్డీ మోగుతూనే ఉంది. మరునాడు పొద్దున ఆయన జమ్ములు ఎక్కేదాకా ఆగి, మల్దకల్‌లో బస్సు కదలగానే, చాలా గంభీరంగా, "చేస్తరు బిడ్డా. వాళ్లకొక సంఘమే ఉంది," అని మొదలుపెట్టారు.

నేను అంతకుముందు రోజూ, బడి దగ్గర ఆయన దిగేటప్పుడు, ఇంటి మలుపులో నేను వెళ్లేటప్పుడు, పద్ధతిగా "వస్త సార్" అన్నాను. మా అమ్మ అలాగే నేర్పింది. ఒక్కనాడు కూడా తప్పలేదు. ఆ మాటలోంచి ఒక గుడిసె కూడా పుట్టలేదు. జమ్ములు ఒక్కసారి తప్పు మాట్లాడితే ఒక రాజ్యమే పుట్టింది.

ఆ రాజ్యం పేరు ఉత్తుత్తిపట్నం. అక్కడ చందమామకు సెలవు కావాలంటే తహసీల్దారు సంతకం ఉండాలి. గాలి రెండు రకాలు, ఎక్స్‌ప్రెస్ ఒకటి, ఆర్డినరీ ఒకటి. రాజుగారికి కిరీటం బరువై దాన్ని మోయడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. జనం దండాలన్నీ ఆ మనిషికే పెడతారు. ఆ ఊళ్లో ఖూనీదారుల సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, రబ్బరు ముద్ర, ఒక హాలు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా పని.

ఎందుకంటే సంఘానికి ఒక చట్టం ఉంది. వెళ్తూ వెళ్తూ 'పోత' అన్నవాణ్ణే ఖూనీ చేయాలి. 'వస్త' అన్నవాడు మాట ఇచ్చినవాడు, వాడి జోలికి వెళ్లకూడదు. పొరపాటున అలాంటివాణ్ణి చంపితే, వాడు ఎవరెవరి ఇంటికి వస్తానన్నాడో అక్కడికల్లా చంపినవాడే వెళ్లాలి. ఈ సంగతి తెలిసి ఊరంతా 'వస్త' అనడం నేర్చుకుంది. ఖూనీదారులు బస్టాండులో నిలబడి వచ్చేపోయేవాళ్లను, "ఏడికి పోతున్నవ్ అన్నా?" అని ప్రేమగా అడిగేవారు. "గద్వాలకు వస్తున్న," అని జవాబు వచ్చేది. పూట గడవక చివరికి అందరూ పత్తి చేలల్లో క్రాసింగ్ కూలికి కుదిరారు. నల్ల ముసుగులు వేసుకుని, వరుసగా కూర్చుని, మగపువ్వులు తెంపి ఆడపువ్వులకు అద్దుతుండేవారు.

బస్సులో రోజూ చేలకు వెళ్లే కూలీ అక్కలు ఉండేవారు. వాళ్లలో బాలమ్మక్క ఆ మాట విని, "మా మడిల ఒకడు మొకానికి తువ్వాల సుట్టుకొని వస్తుండు సార్. గా సంఘపోడే అయ్యుంటడు," అంది. సారు నవ్వారు. బాలమ్మక్క మీద కూడా నాకు ఓర్వనితనం కలిగింది.

ఆ సంఘంలో ఒక చెవిటి ఖూనీదారు ఉండేవాడు. చీరల సేటు ఒకడు 'వస్త' అంటే వాడికి 'పోత' అని వినపడింది. పని ముగించేశాడు. తీరా చూస్తే ఆ సేటు ఊరందరికీ 'రేపొస్త' అని చెప్పి తిరిగిన మనిషి. చెవిటివాడు ఇక ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. మగ్గాల దగ్గరికి వెళ్లాడు, పెళ్లిళ్లకు వెళ్లాడు, బడిలో సేటు పిల్లల మార్కుల కోసం టీచర్లతో తిట్లు తిన్నాడు. సేటు అత్తగారు మాత్రం తేడా కనిపెట్టలేదు. "మునుపటి కన్న అల్లుడు మంచిగైండు. ఏమన్న ఎదురు మాట్లాడుతలేడు," అని వీధంతా చెప్పుకుంది.

ఇలాంటివి ఆయన అప్పటికప్పుడు అల్లేవారు. "కథ చెప్పేటోడు డ్రైవర్ కాదు బిడ్డా, వాడూ ప్యాసింజరే. రోడ్డు ఎటు దీస్కపోతే అటు," అనేవారు. నేను మాత్రం రోడ్డు వేసుకుని వెళ్లేదాన్ని. రాత్రంతా ఆలోచించి, "సార్, సంఘానికి ఒక ఆశయం ఉండాలి కదా, ఒక ప్రార్థనా గీతం ఉంటే బాగుంటుంది," అనేదాన్ని. "మంచిగుంది బిడ్డా," అనేవారు. ఆ గీతం ఎన్నడూ వినపడలేదు. జమ్ములు కిటికీకి తల ఆనించి సగం నిద్రలో జామకాయ కొరుకుతూ, "సార్, వాళ్లకు లంచ్ టైం ఉంటదా?" అనేది. అంతే. రాజుగారి మెడ మీద కత్తి పెట్టిన ఖూనీదారు గంట వినపడి టిఫిన్ డబ్బా తెరవడం, రాజుగారు అందులో పచ్చిపులుసు చూసి తనకూ కాస్త పోయమనడం, ఇద్దరూ తిని కునుకు తీయడం, ఇదంతా చాలా రోజులు నడిచింది.

ఒకసారి సారు నన్ను కూడా కథలోకి తీసుకున్నారు. సంఘం కార్యదర్శిని చేశారు. ఖూనీకి ముందు నోటీసు రాసేది కార్యదర్శే. అక్షరదోషం ఉంటే నోటీసు చెల్లదు. నేను ఇంటికి వెళ్లి గొప్పగా చెప్పుకున్నాను. రెండో రోజుకు గానీ అర్థం కాలేదు, కథలో అందరూ నవ్వు పుట్టిస్తారు, కార్యదర్శి ఒక్కతే తప్పులు దిద్దుతుంది. ఆ సంగతి ఆయనతో అంటే, నా సంచీ నా చేతికి ఇస్తూ, "తప్పు మాటకు కాళ్లుంటయి బిడ్డా, నడుస్తది. ఒప్పు మాట కుర్చీల కూసుంటది. రెండూ గావాలె," అన్నారు. నాకు కుర్చీ వచ్చింది. నాకు కాళ్లు కావాలి.

కథ ఇలా ఒక మలుపుకు వచ్చింది. పని లేని సంఘాన్ని మూసేద్దామని ఖూనీదారులంతా హాల్లో సమావేశం పెట్టారు. తీర్మానం అయిపోయింది, సంతకాలు అయిపోయాయి. ఇక లేచి ఇంటికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఏమనాలి? 'పోత' అంటే పక్కవాడు చట్టప్రకారం కత్తి దూస్తాడు. 'వస్త' అంటే మళ్లీ రావాలి, సంఘం మూతపడదు. అందుకని ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. "వాళ్లను గట్లనే ఉండనియ్యి, రేపు చూద్దాం," అని సారు గద్వాలలో దిగారు. మరునాడు బస్సులో ఆయన లేరు. ఊపిరి ఆడటం లేదని కూతురు వనపర్తికి తీసుకెళ్లింది.

ఆ హాల్లో కూర్చున్నవాళ్లను బయటికి తెచ్చే బాధ్యత నా మీద పడిందని నేను అనుకున్నాను. ఎవరూ నాకు అప్పగించలేదు. నేనే తీసుకున్నాను. ముగింపు రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. కార్యదర్శి లేచి, చట్టానికి సవరణ ప్రతిపాదించి, 'పోయొస్త' అనే మాటను ప్రవేశపెడుతుంది. అందులో పోవడమూ ఉంది, రావడమూ ఉంది. ఎవరినీ చంపనక్కర్లేదు, ఎవరూ తిరిగి రానక్కర్లేదు. అది దొరికిన రోజు నేను ఇంట్లో ఒక్కదాన్నే గంతులు వేశాను. దీనికి సారు నవ్వి తీరాలి.

జమ్ములూ నేనూ గద్వాలలో బస్సు మారి వనపర్తి వెళ్లాం. సారు మంచం మీద ఇంకా చిన్నగా కనిపించారు. మఫ్లర్ మాత్రం ఉంది. నేను పక్కన కూర్చుని చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. నేను కాగితం మీద ఒక కన్ను, ఆయన భుజాల మీద ఒక కన్ను వేసి చదివాను. భుజాలు కదల్లేదు. ముగిశాక కళ్లు తెరిచి, నా చెయ్యి పట్టుకుని, "ఒక్క తప్పు లేదు బిడ్డా," అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. ఆ ప్రేమ నాకు తెలుసు. అయినా ఆ మాట ఇప్పటికీ నాలో ముల్లులా ఉంది.

జమ్ములు అప్పటిదాకా సెలైన్ సీసా వైపే చూస్తోంది. "సార్, గీ నీళ్లు సల్లగున్నయా, వెచ్చగున్నయా? లోపలికి పోతుంటే తెలుస్తదా?"

"సల్లగుంటయి బిడ్డా."

"మరి మీకు సల్లవి పడవు గద. జర వెచ్చవెట్టి ఎక్కియ్యమని చెప్పనా?"

సారు భుజాలు కదిలాయి. చేతికి కడ్డీ దొరక్క మంచం అంచును కొట్టారు. సీసా ఊగింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏందమ్మా, పేషెంట్‌ను గిట్ల నవ్విస్తరా? నడువుండ్రి బయటికి," అని కసిరింది. నేను ఏమీ నవ్వించలేదు. అయినా జమ్ములుతో పాటు నన్నూ గెంటేశారు. ఆ తిట్టులో నాకు రావాల్సిన వాటా లేదని నర్సమ్మకు చెప్పాలనిపించింది.

వస్తూ వస్తూ సారు కూతురికి నా ఫోన్ నంబరు ఒక కాగితం మీద గుండ్రంగా రాసి, కింద పేరు కూడా రాసి ఇచ్చాను. జమ్ములు ఆమె ఫోన్‌కు ఒక మిస్డ్ కాల్ ఇచ్చింది. కబురు ఎవరికి వచ్చిందో మీకు ముందే చెప్పాను.

తిరుగు బస్సులో జమ్ములు నా భుజం మీద తల పెట్టి, "మస్తు రాసినవే. నాకైతే గంత తెలివి రాదు," అంది. పోటీ ఉందని కూడా ఆమెకు తెలియదు. ఒంటరిగా పరుగెత్తి ఓడిపోవడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

సారు పోయిన రోజు అయిజలో వాళ్ల ఇంటికి వెళ్లాం. గడపలో అడుగుపెట్టగానే జమ్ములు గొల్లుమంది. సారు భార్యను అయిజలో అందరూ చాచీ అంటారు. ఆమె జమ్ములును దగ్గరికి లాక్కుని, "నువ్వేనా బిడ్డా, రోజూ ఇంటికొచ్చి నీ మాటలే చెప్పి నవ్వుతుండె," అని తనూ ఏడ్చింది. ఇంటి నిండా ఉన్న ఆడవాళ్లంతా జమ్ములు వీపు నిమిరారు. నేను ఏడవలేక, గుమ్మంలో చెల్లాచెదురుగా ఉన్న చెప్పులను వరుసగా పెట్టాను. కాసేపటికి చాచీ నా వైపు చూసింది. "నువ్వు జర ధైర్యంగున్నవ్ బిడ్డా. పక్కింటోళ్లు ఫ్లాస్కుల చాయ్ పంపిన్రు, అందరికి పొయ్యి."

పోశాను. ఒక్క చుక్క బయట పడకుండా పోశాను.

కొన్నాళ్లకు మళ్లీ మామూలుగా బస్సులో వెళ్లడం మొదలైంది. సారు సీట్లో సిమెంటు కొట్టు నడిపే ఆయన కూర్చుని నిద్రపోతుంటాడు. మల్దకల్ దాటాక ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు బాలమ్మక్క ఉండబట్టలేక, "ఏమే జమ్ములు, గా హాలులున్నోళ్ల సంగతేంది? సారు నడుమల ఇడిచె. నువ్వన్న చెప్పు," అంది.

అందరూ జమ్ములునే అడుగుతారని నాకు తెలుసు. కాగితం నా సంచీలో ఉంది. నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

"నాకు కథ రాదక్కా," అంది జమ్ములు. "నాకు నడుమల అడ్డమొచ్చుడే వస్తది. ఈమె చెప్తది, ఈమె మొత్తం రాసింది. లెవ్వే."

లేచాను. పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కాగితం తీయలేదు, అంతా కంఠతా వచ్చు. ఖూనీదారులు హాల్లో అలాగే కూర్చున్నారు, పొద్దుపోయింది, దీపాలు పెట్టారు, అయినా ఎవరూ లేవలేదు, అప్పుడు కార్యదర్శి గొంతు సవరించుకుని... అని 'పోయొస్త' వైపు జాగ్రత్తగా నడుస్తున్నాను.

"ఆగవే," అంది జమ్ములు. నిజంగానే ఆందోళనగా అడిగింది. "గంతసేపటి నుంచి కూసున్నరు గద. ఒంటికొస్తే ఎట్ల? లేచి 'ఒంటికి పోత' అంటే పక్కనోడు పొడుస్తడాయె. మరి ఏమనాలె? 'ఒంటికి వస్త' అనాల్నా?"

బస్సంతా నవ్వుతో పగిలిపోయింది. బాలమ్మక్క చేతిలోని సద్దిగిన్నె కింద పడింది. సిమెంటు కొట్టాయన నిద్ర లేచాడు. నేను జవాబు చెప్పాలి. "అధ్యక్షులవారు లేచి..." అన్నాను. అధ్యక్షుడు కాళ్లు ముడుచుకుని నిలబడి నియమావళి తిరగేస్తూ కళ్ల ముందుకు వచ్చాడు. "లేచి..." అన్నాను మళ్లీ. కడుపులోంచి నవ్వు పొర్లుకుంటూ పైకి వచ్చింది, నోరు తెరిస్తే మాటకు బదులు అదే వస్తోంది. 'పోయొస్త' ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. ఇది ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెబుతున్నవాడి నోటి దగ్గరి మాటను ఇలా ఎవరో లాక్కుపోతే ఇంత హాయిగా ఉంటుందని తెలియక, నేను ఇన్నాళ్లూ జమ్ములును చూసి ఓర్వలేకపోయాను. ఓర్వలేకపోవాల్సింది సారును చూసి. ఆ కిటికీ పక్కన కూర్చుని రోజూ ఇదంతా ఆయన ఒక్కరే అనుభవించారు.

కండక్టరక్క విజిల్ వేసింది. స్టేజీ వచ్చింది. చేలకు వెళ్లాల్సిన అక్కలు మెట్ల దాకా వెళ్లి, దిగకుండా, గిన్నెలు చంకన పెట్టుకుని నా వైపు తిరిగి నిలబడ్డారు. డ్రైవరు ఇంజిన్ ఆపి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేను రెండు చేతులా కడ్డీ పట్టుకుని వేలాడుతూ, కళ్లలో నీళ్లతో, నోట మాట రాక, ఒక్క నిమిషం ఆగమని తల ఊపుతున్నాను. వాళ్లు ఆగారు.